ఇనుము నంబరు 26: హారీ మోస్లే కథ

దుబాయ్ గోల్డ్ సూక్‌లోనో, హైదరాబాద్‌లోనో, ఇక్కడ లండన్ సౌతాల్‌లోనో నగలు కొన్నవాళ్ళలో చాలామందికి క్యారట్ మీటర్ తెలిసే ఉంటుంది. గాజునో గొలుసునో చిన్న పెట్టెలో పెట్టి మూత వేస్తారు. గీటురాయి అక్కర్లేదు, ఆసిడ్ చుక్క అక్కర్లేదు. కాసేపట్లో బంగారం ఇంత శాతం, రాగి ఇంత, వెండి ఇంత అని తెర మీద లెక్క వచ్చేస్తుంది. పెట్టె లోపల జరిగేది ఇదే: నగ మీద ఎక్స్‌రే పడుతుంది, దాంతో నగలోని ప్రతి లోహమూ తన సొంత ఎక్స్‌రేను బయటికి పంపుతుంది. బంగారం పంపేది వేరు, రాగి పంపేది వేరు. ఏది ఎంత పంపిందో చూసి యంత్రం లెక్క కడుతుంది.

ఏ లోహం ఏ ఎక్స్‌రేను పంపుతుందో, ఎందుకు పంపుతుందో ఒక చక్కటి లెక్కలో పెట్టి చూపించినవాడు పాతికేళ్ళ ఇంగ్లిష్ కుర్రాడు. పేరు హెన్రీ గ్విన్ జెఫ్రీస్ మోస్లే. ఇంట్లోవాళ్ళకు హారీ. మనలో ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళకు మోస్లే పేరు గుర్తుండే ఉంటుంది. పరీక్షకు నాలుగు లైన్లు బట్టీ పట్టి వదిలేశాం. ఆ నాలుగు లైన్ల వెనక ఉన్న మనిషి ఎవరు, ఇరవై ఏడేళ్ళకే టర్కీ కొండల్లో ఎందుకు ప్రాణం వదిలాడు అన్నది మనకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. అతను పనిచేసిన మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళలో ఇప్పుడు మన తెలుగువాళ్ళు చాలామందే ఉంటున్నారు. అందుకే ఈసారి హారీ కథ చెప్పుకుందాం అనుకున్నాం.

తండ్రి లేని పిల్లవాడు

హారీ 1887 నవంబరు 23న దక్షిణ ఇంగ్లండ్‌లోని వేమత్ అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టాడు. ఆ ఇంట్లో చదువుకు లోటు లేదు. తండ్రి తరఫు తాత గణితవేత్త, నీళ్ళ మీద ఓడ ఎందుకు బోల్తా పడకుండా నిలబడుతుందో లెక్కలు కట్టినవాడు. తల్లి తరఫు తాత జాన్ గ్విన్ జెఫ్రీస్ గవ్వల మీద, నత్తల మీద పెద్ద పండితుడు. ఇక తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే ప్రకృతి శాస్త్రవేత్త. సముద్రాల లోతులు వెతుకుతూ 1872 నుంచి 1876 దాకా ప్రపంచం చుట్టి వచ్చిన చాలెంజర్ ఓడలో వెళ్ళినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ఆ తండ్రి 1891లో పోయారు. అప్పటికి హారీకి ఇంకా నాలుగేళ్ళు కూడా నిండలేదు. పిల్లల్ని తల్లి అమాబెల్ పెంచారు. ఆమె తెలివితేటలు తక్కువేమీ కావు. 1913లో బ్రిటన్ మహిళల చదరంగం చాంపియన్ ఆమే. తల్లీ కొడుకుల మధ్య మంచి స్నేహం ఉండేది. ఊరు వదిలి వెళ్ళాక కూడా తన ప్రయోగాలు ఎంతవరకు వచ్చాయో హారీ ఆమెకు ఉత్తరాల్లో రాస్తూ ఉండేవాడు. అవి దొరకబట్టే అతని రోజులు ఎలా గడిచాయో ఇవాళ మనకు తెలుస్తోంది.

చదువులో హారీ చురుకైనవాడే. స్కాలర్‌షిప్ తెచ్చుకుని ఈటన్ స్కూల్లో చేరాడు. 1906లో అక్కడ ఫిజిక్స్‌లోనూ కెమిస్ట్రీలోనూ బహుమతులు గెలుచుకుని ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కాలేజీకి వెళ్ళాడు. కానీ 1910లో డిగ్రీ ఫైనల్ పరీక్షల్లో ఫస్ట్ క్లాస్ రాలేదు. సెకండ్ క్లాస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. మార్కులే జీవితమని పిల్లల్ని పరుగులు పెట్టించే మన ఇళ్ళలో ఈ సంగతి కాస్త గట్టిగా చెప్పుకోవాలి. ఆవర్తన పట్టికకు నంబర్లు వేసినవాడికి ఫైనల్లో వచ్చింది సెకండ్ క్లాసే.

మాంచెస్టర్ రాత్రులు

ఆ ఏడాదే హారీ మాంచెస్టర్ వెళ్ళి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు. అప్పటికి రూథర్‌ఫర్డ్‌కు నోబెల్ వచ్చి రెండేళ్ళు. 1911లో పరమాణువు మధ్యలో చిన్న కేంద్రకం ఉందని ఆయన ప్రపంచానికి చెప్పారు. ఆ రోజుల్లో ఆ లాబొరేటరీ ఎలాంటి చోటంటే, డెన్మార్క్ నుంచి వచ్చిన నీల్స్ బోర్ కూడా 1912లో కొంతకాలం అక్కడే ఉన్నారు.

మొదటి సంవత్సరం హారీకి పాఠాలు చెప్పే పనే ఎక్కువ. విద్యార్థులకు ప్రాక్టికల్స్ చేయించాలి. ఆ తర్వాత ఆ భారం తగ్గి పరిశోధనకు సమయం దొరికింది. రేడియం మీద పనిచేసి, రేడియో ధార్మికతతో నడిచే ఒక రకం బ్యాటరీని చేసి చూపించాడు. అయినా అతని మనసు వేరేచోట ఉంది.

1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే, ఆయన సహచరులు ఎక్స్‌రేలను స్ఫటికం గుండా పంపిస్తే ఫొటో ప్లేటు మీద చుక్కల వరస పడుతుందని కనిపెట్టారు. అంటే ఎక్స్‌రే కూడా కాంతి లాంటి అలే. పట్టకం కాంతిని రంగులుగా విడదీసినట్టు స్ఫటికం ఎక్స్‌రేలను విడదీయగలదన్నమాట. ఇంగ్లండ్‌లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ దారి పట్టారు. హారీ కూడా అదే చేస్తానన్నాడు. మొదట్లో రూథర్‌ఫర్డ్ అంత సుముఖంగా లేరు. మాంచెస్టర్‌లో ఎక్స్‌రేల పని తెలిసినవాళ్ళు లేరన్నది ఆయన సందేహం. హారీ వదల్లేదు. లీడ్స్ వెళ్ళి పెద్ద బ్రాగ్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. పరిణామవాదం చెప్పిన డార్విన్ మనవడు చార్లెస్ గాల్టన్ డార్విన్ అప్పుడు మాంచెస్టర్‌లోనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు.

హారీ పనిచేసే తీరు చూసి తోటివాళ్ళు ముక్కున వేలేసుకునేవారట. పొద్దున మొదలుపెడితే అర్ధరాత్రి దాటేది. తెల్లవారుజామున మూడింటికి మాంచెస్టర్‌లో తిండి ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడిగా అతనికి పేరు. నైట్ షిఫ్టులు చేసే మన డాక్టర్లకు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

చిన్న రైలుబండి

1913 నాటికి ఆవర్తన పట్టిక పరిస్థితి ఇలా ఉండేది. మెండలీవ్ కాలం నుంచి మూలకాలను పరమాణు భారం ప్రకారం, తేలికవి ముందు, బరువైనవి తర్వాత వరసగా పేర్చేవారు. ఒకటి రెండు చోట్ల ఈ వరస కుదిరేది కాదు. నికెల్ భారం 58.7, కోబాల్ట్ భారం 58.9. బరువు ప్రకారమైతే నికెల్ ముందు రావాలి. కానీ గుణాలు చూస్తే కోబాల్ట్ ముందు ఉండాలి. ఆర్గాన్, పొటాషియంల దగ్గర కూడా అదే తికమక. పట్టికలో ఒక మూలకం పదోదో పదకొండోదో అని నంబరు వేసినా అది హాజరు పట్టీలో రోల్ నంబర్ లాంటిదే. దానికి వేరే అర్థం ఉందని ఎవరూ రుజువు చేయలేదు.

ఆ నంబరుకు అర్థం ఉండవచ్చని ఊహించినవాడు వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి ఆయన. కేంద్రకం మీద ఉన్న విద్యుదావేశం ఎంతో, పట్టికలో ఆ మూలకం స్థానం అంత అని ఆయన సూచన. బోర్‌కు అది నచ్చింది. 1913 వేసవిలో బోర్ మాంచెస్టర్ వచ్చినప్పుడు హారీ, డార్విన్‌లతో ఈ విషయం మీద చర్చ జరిగింది. ఆ ఊహ నిజమో కాదో ప్రయోగంతో తేల్చాలని హారీ నిర్ణయించుకున్నాడు.

ప్రతి మూలకానికీ సొంత ఎక్స్‌రేలు ఉంటాయని చార్లెస్ బార్క్లా అంతకుముందే గుర్తించారు. వాటి తరంగ దైర్ఘ్యాన్ని కచ్చితంగా కొలిచి, మూలకం తర్వాత మూలకం వరసగా చూస్తే ఏం కనిపిస్తుంది? అదీ హారీ ప్రశ్న. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్స్‌రే గొట్టంలోంచి గాలి మొత్తం తోడేస్తే కానీ పని జరగదు. ఒక్కో లోహానికీ గొట్టం తెరిచి, లోహం మార్చి, మళ్ళీ గాలి తోడాలంటే ఏళ్ళు పడుతుంది. హారీ ఏం చేశాడంటే, గొట్టం లోపల చిన్న పట్టాలు వేసి, వాటి మీద బుల్లి బండి పెట్టాడు. బండి మీద వరసగా లోహపు ముక్కలు అమర్చాడు. చేపలు పట్టే సిల్కు దారం కట్టి, చుట్టే కదురుతో బండిని అటూ ఇటూ లాగేవాడు. ఒక లోహం అయిపోతే దారం లాగితే చాలు, రెండోది ఎలక్ట్రాన్ల దెబ్బ తినడానికి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పిల్లల ఆటబొమ్మలా ఉండే ఈ ఏర్పాటుతో ఒక్కో ఫొటో నిమిషాల్లో అయిపోయేది.

ఎక్స్‌రేలను విడదీయడానికి అతను వాడింది పొటాషియం ఫెర్రోసయనైడ్ స్ఫటికం. తమాషా ఏమిటంటే ఆ స్ఫటికంలోనే ఇనుము ఉంది.

కాల్షియం నుంచి జింక్ దాకా, మధ్యలో స్కాండియం తప్ప, పది మూలకాల ఫొటోలు తీశాడు. జింక్ కోసం ఇత్తడి ముక్క వాడితే అందులోని రాగి గీతలు, జింక్ గీతలు రెండూ ఒకే ప్లేటు మీద పడ్డాయి. ఫొటోలను ఒకదాని కింద ఒకటి పెడితే ఆ గీతలు మెట్లలా దిగుతూ కనిపించాయి. స్కాండియం లేనిచోట ఒక మెట్టు ఖాళీ. లెక్క కడితే సంగతి ఇంకా తేటగా ఉంది. ఎక్స్‌రే పౌనఃపున్యానికి వర్గమూలం తీసుకుంటే, ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్ళినప్పుడల్లా అది సమానంగా పెరుగుతోంది. కోబాల్ట్, నికెల్‌ల దగ్గర కూడా తడబాటు లేదు. కోబాల్ట్ 27, నికెల్ 28. వాటి ముందున్న ఇనుము 26.

అంటే పరమాణువును గుర్తుపట్టేది దాని బరువు కాదు, కేంద్రకంలోని ధనావేశాల సంఖ్య. మనం బళ్ళో చదువుకున్న పరమాణు సంఖ్యకు ప్రయోగపు పునాది పడింది ఇక్కడే. ఈ పేపరు 1913 డిసెంబరులో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి హారీకి సరిగ్గా ఇరవై ఆరేళ్ళు నిండాయి.

ఖాళీ గదులు

పేపరు అచ్చయ్యేలోపే హారీ మాంచెస్టర్ వదిలి ఆక్స్‌ఫర్డ్ వచ్చేశాడు. ఉండమని రూథర్‌ఫర్డ్ ఫెలోషిప్ ఇవ్వజూపినా ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో అతనికి జీతం లేదు, ఉద్యోగమూ లేదు. టౌన్సెండ్ ప్రొఫెసర్ గారి ఎలక్ట్రికల్ లాబొరేటరీలో పని చేసుకోవడానికి చోటు మాత్రం దొరికింది. సొంత ఊరు, తల్లి ఉన్న ఊరు కదా అని అక్కడే పని కొనసాగించాడు.

1914 ఏప్రిల్‌లో రెండో పేపరు వచ్చింది. ఈసారి అల్యూమినియం నుంచి బంగారం దాకా వెళ్ళాడు. అల్యూమినియం 13, బంగారం 79. ఈ రెండింటి మధ్య ఎన్ని మూలకాలు ఉండాలో ఇక వాదన లేదు. నంబర్లు ఉన్నాయి కాబట్టి ఖాళీలు కూడా తెలిసిపోయాయి. 43, 61, 75 నంబర్ల గదుల్లో ఎవరూ లేరు, ఇంకా కనుక్కోవాలి అని తేల్చి చెప్పాడు.

అప్పట్లో రసాయన శాస్త్రజ్ఞులకు పెద్ద తలనొప్పి అరుదైన మృత్తిక లోహాలు. అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. పారిస్ నుంచి జార్జ్ ఉర్బెన్ అనే నిపుణుడు తన దగ్గరున్న నమూనాలు పట్టుకుని ఆక్స్‌ఫర్డ్ వచ్చారు. వాటిని విడదీయడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. ఏ నమూనాలో ఏమేం ఉన్నాయో హారీ ఎక్స్‌రేలతో చూసి కొద్ది వ్యవధిలోనే చెప్పేశాడు. ఉర్బెన్ ఆశ్చర్యపోయి, మంచి మాటలు చెప్పుకుంటూ ఫ్రాన్స్ తిరిగి వెళ్ళారు.

ఇదంతా జరిగింది ఏడాది లోపు. 1913 వేసవి తర్వాత మొదలుపెట్టి 1914 వేసవికి ముగించాడు. ఇంకో యాభై ఏళ్ళు చేయవలసిన పని ముందున్నవాడికి దొరికిన సమయం అంతే.

కొండ మీద ఆగస్టు పొద్దు

1914 వేసవిలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశాలు ఆస్ట్రేలియాలో జరిగాయి. హారీ తల్లిని వెంటబెట్టుకుని ఓడెక్కాడు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. సమావేశాల్లో తన పని తాను ముగించుకుని వెంటనే ఇంగ్లండ్ తిరుగు ప్రయాణం కట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పదవి దక్కే అవకాశం ఉన్న మనిషి, లాబ్ తలుపు వేసేసి సైన్యంలో చేరడానికి వెళ్ళాడు.

ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. స్నేహితులు వద్దన్నారు. ఎవరి మాటా వినలేదు. ఈటన్‌లో తనతో చదివిన కుర్రాళ్ళు వెళ్తుంటే తాను వెనక ఉండటం తప్పని అతని లెక్క. పట్టుబట్టి రాయల్ ఇంజనీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. టెలిఫోన్ తీగలు, సిగ్నళ్ళ పని నేర్చుకున్నాడు. అతను చేసింది ఒప్పా తప్పా అని ఇవాళ మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం తేలికే. అప్పటి ఇంగ్లండ్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మీద ఉన్న ఒత్తిడి వేరు. అయితే ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. దేశానికి అతను దేనికి పనికొస్తాడో ఆలోచించవలసిన పెద్దలు ఆలోచించలేదు.

1915 వేసవిలో అతన్ని టర్కీలోని గాలిపోలి రంగానికి పంపించారు. 38వ బ్రిగేడ్‌కు సిగ్నల్ ఆఫీసర్. ఆగస్టు మొదటి వారంలో సారీ బైర్ కొండల మీద పెద్ద దాడి మొదలైంది. అవే కొండల మీద మన దేశం నుంచి వెళ్ళిన సిక్కు సిపాయిలు, వాళ్ళతో పాటు గూర్ఖాలు కూడా పోరాడారు. ఆగస్టు 9న గూర్ఖాలు ఒక శిఖరం దాకా ఎక్కి, నిలబడలేక దిగిపోవలసి వచ్చింది. మరునాడు ఆగస్టు 10 తెల్లవారగానే ముస్తఫా కెమాల్ నడిపించిన టర్కీ సైన్యం పైనుంచి విరుచుకుపడింది. ఇంగ్లిష్ వాళ్ళు ది ఫార్మ్ అని పిలిచిన చిన్న పొలం దగ్గర 38వ బ్రిగేడ్ చిక్కుకుపోయింది. బ్రిగేడ్ అధిపతి జనరల్ బాల్డ్విన్ కూడా ఆ పొద్దున్నే చనిపోయారు.

టెలిఫోన్‌లో సైనికాజ్ఞ పంపిస్తుండగా హారీ తలకు తూటా తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్ళు. సమాధి ఎక్కడుందో తెలియదు. గాలిపోలిలో హెలెస్ స్మారకం రాళ్ళ మీద వేలాది పేర్లలో అతని పేరూ ఒకటి.

యుద్ధంలో ఉండగా తన చేతిరాతతో అతనొక వీలునామా రాశాడు. తన ఆస్తిని ప్రయోగాత్మక పరిశోధనల కోసం రాయల్ సొసైటీకి ఇచ్చేయమన్నాడు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. మిగిలింది తల్లి, ఒక అక్క. భర్తను ముందే పోగొట్టుకున్న అమాబెల్‌కు ఇప్పుడు ఒక్కగానొక్క కొడుకు కూడా లేకుండా పోయాడు.

ఆలస్యంగా వచ్చిన బుద్ధి

హారీ చనిపోయాక రూథర్‌ఫర్డ్ బాధతో నేచర్ పత్రికలో రాశారు. ఇలాంటి మనిషిని తూటాలకు ఎదురుగా నిలబెట్టడం దేశానికి ఎంత నష్టమో ఎత్తిచూపారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్ తన శాస్త్రజ్ఞులను కందకాలకు పంపకుండా రాడార్ లాంటి పనుల్లో పెట్టింది. ఆ మార్పు వెనక హారీ మరణం కూడా ఒక కారణమని చరిత్ర రాసినవాళ్ళు చాలామంది అంటారు.

1915లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ నోబెల్ కోసం హారీ పేరు సూచించారు. బతికి ఉంటే వచ్చేదేమో. ఎక్స్‌రేల మీద చేసిన పనికి 1917 సంవత్సరపు బహుమతి బార్క్లాకు, 1924 సంవత్సరపు బహుమతి సీగ్‌బాన్‌కు వచ్చాయి. ఇద్దరూ అర్హులే. కానీ ఆ వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

హారీ చూపించిన ఖాళీ గదులు మాత్రం ఒక్కొక్కటే నిండాయి. 75వది రీనియం, 1925లో ఎక్స్‌రే గీతలతోనే దొరికింది. 43వది టెక్నీషియం 1937లో, 61వది ప్రొమీథియం 1945లో. 72వ నంబరు మీద ఉన్న తగాదా కూడా 1923లో కోపెన్‌హాగన్‌లో కాస్టర్, హెవెషీ హాఫ్నియం కనుక్కోవడంతో తీరిపోయింది. అక్కడ కూడా సాక్ష్యం చెప్పింది హారీ పద్ధతే.

మన ఒంట్లో ఇనుము

ఇక మనకు దగ్గరి విషయానికి వద్దాం. నీరసంగా ఉందని జీపీ దగ్గరికి వెళ్తే రాసే రక్తపరీక్షల్లో ఫెరిటిన్ ఒకటి. మన ఆడవాళ్ళకు ఈ మాట బాగా పరిచయం. భారతదేశంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి ఇనుము లోపం ఒక ముఖ్య కారణం. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుమును దాచిపెట్టే ప్రోటీన్. 1937లో చెక్ శాస్త్రజ్ఞుడు లౌఫ్‌బెర్గర్ గుర్రం ప్లీహం నుంచి దీన్ని మొదట వేరు చేశారు.

ఇనుము లేకపోతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. అలాగని ఇనుము విడిగా తిరిగితే కణాలకు హాని చేస్తుంది. అందుకే ఒళ్ళు దాన్ని గాదెలో ధాన్యంలా దాచుకుంటుంది. ఆ గాదె ఫెరిటిన్. ఇరవై నాలుగు ప్రోటీన్ ముక్కలు కలిసి ఒక బోలు బంతిలా తయారవుతాయి. లోపల దాదాపు 4,500 ఇనుప పరమాణువుల దాకా పడతాయి. రక్తపరీక్ష ఈ ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో చెబుతుంది. కానీ గాదె లోపల ఇనుము ఏ రూపంలో ఉందో చెప్పదు.

స్ఫటికాల పద్ధతితో బయటి గుల్ల ఆకారాన్ని షెఫీల్డ్‌లో పాలీన్ హారిసన్ బృందం ఏళ్ళ తరబడి శ్రమించి తేల్చింది. లోపలి ఇనుము మాత్రం సరైన క్రమంలో ఉండదు, అందుకని ఆ పద్ధతికి సరిగ్గా చిక్కదు. అక్కడ పనికొచ్చింది ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ. ఎక్స్‌రే శక్తిని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే దాదాపు 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము ఒక్కసారిగా దాన్ని మింగడం మొదలుపెడుతుంది. పక్కన కార్బన్ ఉన్నా నైట్రోజన్ ఉన్నా సరే, ఆ శక్తి దగ్గర అలా మింగేది ఇనుమే. ఎందుకంటే దాని నంబరు 26. ప్రతి మూలకానికీ ఎక్స్‌రేలలో సొంత చిరునామా ఉందన్న హారీ మాటే ఇక్కడ పని చేస్తోంది.

ఆ హద్దు కొద్దిగా అటూ ఇటూ జరిగితే ఇనుము ఫెర్రస్ రూపంలో ఉందో ఫెర్రిక్ రూపంలో ఉందో తెలుస్తుంది. హద్దు దాటాక వచ్చే చిన్న చిన్న అలల్ని లెక్క కడితే ఇనుము పక్కన ఏ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. 1979లో ఈ పద్ధతిలో ఫెరిటిన్ లోపలికి చూశారు. ఒక్కో ఇనుప పరమాణువు చుట్టూ సుమారు ఆరు ఆక్సిజన్లు, సెంటీమీటరులో ఐదు కోట్లవ వంతు దూరంలో ఉన్నాయని తేలింది. అంటే గాదెలో ఉన్నది తుప్పుకు దగ్గరి చుట్టమైన ఖనిజం.

ఇది వట్టి కుతూహలం కోసం చేసే పని కాదు. తలసీమియా పిల్లలకు తరచూ రక్తం ఎక్కించాలి. ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వస్తుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఫెరిటిన్ చాలక హీమోసిడెరిన్ అనే ముద్దగా మారుతుంది. 1990ల మొదట్లో ఇలాంటి నమూనాలను మాంచెస్టర్‌కు దగ్గర్లోని డార్స్‌బరీలో ఉన్న సింక్రోట్రాన్ యంత్రం దగ్గర పరీక్షించారు. ఇనుము ఎందుకు పేరుకుందో దాన్ని బట్టి దాని ఖనిజ రూపం కూడా మారుతోందని ఆ పరీక్షల్లో కనిపించింది. పేరుకున్న ఇనుమును మందులతో కరిగించి బయటికి తేవాలనుకునే డాక్టర్లకు ఈ తేడా తెలియడం అవసరం.

డార్స్‌బరీ యంత్రం 2008లో మూతపడింది. అంతకుముందు ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని హార్వెల్‌లో డైమండ్ సింక్రోట్రాన్ తెరిచారు. ఆల్జైమర్స్ వచ్చినవాళ్ళ మెదడులో ఇనుము ఏ రూపంలో చేరుతోందో అక్కడ ఎక్స్‌రేలతో వెతికారు. మన దేశంలో ఇండోర్‌లో ఉన్న ఇండస్-2 యంత్రం మీద కూడా ఈ రకం స్పెక్ట్రోస్కోపీ చేసే వీలుంది. బుల్లి రైలుబండి, చేపల దారంతో మొదలైన పని ఇప్పుడు వందల మీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రాల మీద నడుస్తోంది.

చూసి రావాలనుకునేవాళ్ళకు ఒక మాట. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ లాబ్ ఉన్న పాత భవనం యూనివర్సిటీ దగ్గర కూప్లండ్ స్ట్రీట్‌లో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్ లాబొరేటరీ టౌన్సెండ్ బిల్డింగ్ మీద హారీ పేరుతో ఫలకం ఉంది. మనవాళ్ళు సెలవులకు పిల్లల్ని తీసుకుని ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు చూపించడానికి వెళ్తుంటారు. అప్పుడు ఆ గోడ దగ్గర ఐదు నిమిషాలు ఆగి, పీరియాడిక్ టేబుల్లో నంబర్లు ఎక్కడినుంచి వచ్చాయో పిల్లలకు చెప్పండి. సెకండ్ క్లాస్ సంగతి కూడా చెప్పండి. గాలిపోలి సంగతి కూడా దాచకండి.